విస్తరాకులు మరిచిన రోజు

మా చిన్నప్పుడు... నంద్యాల స్టేషన్ వెనక వీధిలో ఉండేవాళ్ళం. ఒక పొద్దున, నల్లమలలో వానకు పట్టాల కింద కట్ట కోసుకుపోయిందని గుంటూరు వైపు పోయే రైలును మా స్టేషన్లోనే ఆపేశారు. మధ్యాహ్నమైనా కదల్లేదు. ప్లాట్‌ఫారం మీద తినుబండారాల బండ్లన్నీ ఖాళీ. పెట్టెల్లో పిల్లల ఏడుపు మా వీధిదాకా వినబడుతోంది...

ఎవరూ అడగలేదు. వీధిలో పొయ్యిలన్నీ వెలిగాయి. అన్నం, ముద్దపప్పు.

మా ఇంట్లో మాత్రం బియ్యం నిండుకున్నాయి. ఉన్నవల్లా జొన్న రొట్టెలే. మర్నాడు ఆళ్లగడ్డలో మా చేనికొచ్చే కూలీలకని అమ్మ గట్టిగా కాల్చి గంపలో పేర్చినవి. అమ్మ పుట్టింది కూడా ఆళ్లగడ్డలోనే, రైలు రాని ఊరు. గంప పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

"రైలోళ్ళు ఇవి తింటారంటావా అత్తా?" అని మా జేజిని అడిగింది.

"తినకుంటే మనమే తిందాం. ముందు ఎత్తుకొని పో."

స్టేషన్లో పక్కింటి పెద్దక్క గంపలోకి తొంగిచూసి నవ్వింది. "ఏంది మే, అన్నం తినేటోళ్ళకు రొట్టెలు పెడ్తాండావా?"

అమ్మ గంప మీద కొంగు కప్పేసింది. నాకు ఏడుపొచ్చింది...

అసలు సంగతి అప్పుడు బయటపడింది. గుండిగల నిండా అన్నం వచ్చింది గానీ, విస్తరాకులు తెచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు! "నువ్వు తెస్తావనుకుంటి" అంటే "నువ్వు తెస్తావనుకుంటి" అని ఒకరి మీద ఒకరు. కిటికీల్లోంచి ఉత్త చేతులు చాపి జనం చూస్తున్నారు.

అమ్మ కొంగు తీసింది. ఒక రొట్టె పెద్దక్క ముందు పట్టి, "దీని మీద పెట్టక్కా" అంది.

అన్నం, పైన పప్పు... కిటికీలోకి అందించింది. రొట్టె వంగలేదు, విరగలేదు. లోపలున్న ముసలావిడ అన్నం తినేసి, ఆకు కూడా కొరుక్కుని తింది! "ఇంకో విస్తరి ఉందా అమ్మాయ్?" అనేసరికి ప్లాట్‌ఫారమంతా నవ్వులు.

అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దక్కే. "ఇంకా ఉండాయా మే? బేగా తీ!"

ఖాళీ గంపతో అమ్మ తలెత్తుకుని ఇంటికి నడిచింది. నిజంగా అలాగే నడిచిందా, నేనే అలా గుర్తుపెట్టుకున్నానా... ఏమో. కూలీలకని సాయంత్రం మళ్ళీ పిండి కలపడం మాత్రం నిజం. రొట్టె తట్టుకుంటూ తనలో తనే నవ్వుకోవడమూ నిజమే.

మొన్న నంద్యాల మీదుగా పోతుంటే, ఫోన్లో చెప్పిన భోజనం సీటు దగ్గరికే వచ్చింది. వేడిగానే ఉంది. ఎదురు సీటాయనకూ వచ్చింది. ఇద్దరం తల వంచుకుని తిన్నాం. ఇప్పటి కిటికీ అద్దాలు తెరుచుకోవు కదా... అవతల మా ప్లాట్‌ఫారం వెళ్ళిపోతుంటే, "మా అమ్మ ఇక్కడ ఒక రైలుకు అన్నం పెట్టిందండీ" అని ఆయనకు చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

అందుకే మీకు చెబుతున్నా. మీకు కిటికీలోంచి అన్నం అందించిన చేయి ఏ ఊరిదో... గుర్తుందా?