ఎడమకే ఒరిగిన మూడు విమానాలు

1994 ఏప్రిల్. నాచారం పారిశ్రామికవాడలో ఒక వీధి చివర, రేకుల షెడ్డులో మేము రేడియో కంట్రోల్ విమానాలు తయారుచేసేవాళ్ళం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు అయిదడుగులు, బరువు రెండు కిలోల లోపు, ముక్కు దగ్గర చిన్న ఇంజను. నేల మీద నిలబడి చేతిలోని ట్రాన్స్‌మిటర్‌తో నడపాలి. కొనేవాళ్ళు చాలావరకు పెద్దవాళ్ళే: ఫ్యాక్టరీ ఫిట్టర్లు, ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్ళు, కాలేజీ లెక్చరర్లు. ఆదివారం పొద్దున్నే చెంగిచెర్ల దాటాక ఉన్న బీడు భూముల్లో వీళ్ళంతా చేరేవాళ్ళు.

నేను మెకానికల్ డిప్లొమా ముగించి అప్పటికి ఏడాదిన్నర. నా ఉద్యోగం ఇన్‌స్పెక్షన్, స్టోర్స్. బయటికి వెళ్ళే ప్రతి విమానాన్నీ తనిఖీ చేయాలి, లోపలికి వచ్చే ప్రతి సరుకునూ చూసి సర్దాలి. తనిఖీ కోసం పద్నాలుగు అంశాల పట్టిక నేనే రాసుకున్నాను. చేరిన మొదటి ఏడాది ఫిర్యాదులన్నీ చిన్న భాగాల మీదే ఉండేవి. తోక పలకను కదిపే ప్లాస్టిక్ కొమ్ము, దాన్ని హార్న్ అంటాం, ఎండకు పెళుసెక్కి విరిగేది. ఇంజను బిగించే చెక్క స్క్రూల దగ్గర చీలేది. ఒక డబ్బా జిగురు థర్మోకోల్‌నే తినేసింది. ఒక్కొక్కదానికీ కారణం వెతికి, మందు వేసి, పట్టికలో ఒక వరుస పెంచుతూ వచ్చాను. ఆ పట్టిక అంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

రెక్క సంగతి వేరు. అది థర్మోకోల్ దిమ్మ నుంచి కోసినది. దిమ్మ రెండు చివరలకూ రెక్క అడ్డుకోత ఆకారంలో ఉన్న పలకలు బిగిస్తాం. విల్లులాంటి చట్రానికి లాగి కట్టిన సన్నని తీగలోకి కరెంటు ఇస్తే అది వేడెక్కి, వెన్నలో కత్తి దిగినట్టు దిమ్మలో దిగుతుంది. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు పట్టుకోవాలి. పలకల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా గీతలుంటాయి. ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే గీత మీద ఉండాలి. ఒకరు ముందుకు పోయి ఒకరు వెనుకబడితే రెక్క మెలి తిరుగుతుంది.

కోత మల్లేశం పని. ఆయనకు యాభై దగ్గర పడ్డాయి. ఉప్పల్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మొదట్లో పెళ్ళి పందిళ్ళకు థర్మోకోల్ పూలు, హంసలు కోసే ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. కోసేటప్పుడు అంకెలు ఆయనే చెప్పేవాడు. "ఒకటీ... రెండూ... జర ఆగు... మూడూ..." అని, బరువు మోసేవాళ్ళు పదం పాడినట్టు. అవతలి కొస చాలాసార్లు నేనే పట్టుకునేవాణ్ణి.

ఆ ఏప్రిల్‌లో పది రోజుల తేడాతో మూడు విమానాలు వెనక్కి వచ్చాయి. మూడింటిదీ ఒకటే జబ్బు: గాలిలోకి లేవగానే ఎడమకు ఒరుగుతున్నాయి. రెండు నేలకు గుద్దుకుని ముక్కులు నలిగాయి. మూడోది గడ్డిలో దిగి బతికింది. రెక్కల్ని గాజు బల్ల మీద పెట్టి ఇన్సిడెన్స్ గేజ్‌తో, అంటే రెక్క ఎంత కోణంలో ఉందో చూపే పరికరంతో కొలిచాను. మూడింటిలోనూ ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ మధ్య రెండు డిగ్రీలకు పైగా తేడా ఉంది. బయటికి పంపిన రోజున నా పట్టికలో అవే రెక్కల ఎదురుగా "తేడా: సున్నా" అని నా చేతిరాతే ఉంది.

మా యజమాని రంగారావు గారు ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవారు. నన్ను గదిలోకి పిలిచారు.

"మూడూ మల్లేశం కోసినవే కదా?"

"మన దగ్గర కోసేది ఆయనొక్కడే కదండీ."

"అందుకే అడుగుతున్నాను. నిన్న టీ గ్లాసు అందుకుంటుంటే చెయ్యి వణికింది, చూశావా? నేను చూశాను. ఒకటో తారీఖు నుంచి కోతకు ఇంకొకణ్ణి పెడదామనుకుంటున్నా."

"ఆయన్నేం చేస్తారు సార్?"

"కోత తప్ప అతనికి ఇంకో పని రాదు కదయ్యా. కానీ కాగితం లేకుండా నేను మనిషిని పంపను. నువ్వు కారణం రాసి శనివారానికి నా బల్ల మీద పెట్టు."

ఒక మనిషి ఉద్యోగం నా కాగితం మీద ఆగడం అదే మొదటిసారి. మధ్యాహ్నానికే ఆ మాట షెడ్డంతా పాకింది. అన్నం తినే వేళ మల్లేశం తన దిమ్మ మీద కూర్చున్నాడు. పాత థర్మోకోల్ దిమ్మ ఒకటి గోడ పక్కన పడేసి, పైన చెక్క పలక వేసుకుని, దాన్నే పీటగా వాడుకునేవాడు. నన్ను చూసి టిఫిన్ డబ్బా మూత పెట్టాడు.

"ఏంది ఇంజనీర్ సాబ్, నా మీద రాస్తున్నవంట?"

"ఇంకా ఏం రాయలేదన్నా."

"రాయి, రాయి. సదువుకున్నోనివి, రాయకుంటె నీకు అన్నమెట్ల అరుగుతది? గాని ఒక్కటి గూడ రాయి. పద్దెనిమిదేండ్ల సంది తీగ పట్టిన. చెయ్యి వణికితె టీ గ్లాసుకు వణుకుతది, తీగకు వణకది."

నవ్వుతూనే అన్నాడు. డబ్బాలో సగం అన్నం అలాగే మిగిలింది.

ఆ రెండు రోజులు నేను వరుసగా ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టివేశాను. గేజ్ తప్పేమో అని ఇంకో దానితో కొలిచాను. అదే లెక్క వచ్చింది. పలకలు అరిగాయేమో అని వాటి ఆకారం గీసిన అసలు కాగితం మీద పెట్టి చూశాను, సరిపోయాయి. రెక్క లోపల పొడుగునా ఉండే చెక్క బద్ద, దాన్ని స్పార్ అంటాం, అది వంపు లేకుండా తిన్నగానే ఉంది. చివరికి ఒక రెక్క మీద అతికించిన కాగితం ఒలిచి కోతను వేలితో తడిమాను. తీగ తడబడితే దిమ్మ మీద అలల్లా గాట్లు పడతాయి. ఒక్క గాటు కూడా లేదు. పైగా ఇంకొక మాట నాకు తట్టింది: వణికే చెయ్యి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తప్పుతుంది. ఒకే వైపు, ఒకే కొలతలో, మూడుసార్లు తప్పదు.

అంటే తప్పు మల్లేశంది కాదు. మరి ఎవరిది? రిపోర్టులో ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడితో రిపోర్టు ఇస్తే రంగారావు గారి మనసులో ఉన్న పేరే అందులో చేరుతుంది.

శుక్రవారం సత్తయ్య వచ్చాడు. గడ్డిలో దిగిన మూడో విమానం ఆయనదే. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. రెక్కలు ముందే పంపాడు, ఇప్పుడు ఉప్పల్ నుంచి సైకిల్ క్యారియర్‌కు విమానం మొండెం కట్టుకుని వచ్చాడు.

"నేను కొట్లాడనీకి రాలే తమ్మీ," అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "నా రెక్కకు ఏం రోగమొచ్చిందో చెప్పు, సాలు. పోయిన సాలు మీ దగ్గర్నే కొన్నది ఇంక సక్కగ ఎగురుతున్నది. గిదేంది మరి, కొత్త పెండ్లికొడుకు లెక్క ఒక్క దిక్కే సూస్తది?"

"మొదటి రోజు నుంచీ ఇలాగేనా?"

"ఎవలన్నరు? మొదటి రోజు బాణం లెక్క పోయింది. రెక్క కింద సూడలేదా నువ్వు? అంత రాసిపెట్టిన గద."

నేను చూడలేదు. మూడు రోజులుగా ఆ రెక్క నా బల్ల మీదే ఉంది, పై వైపే కొలుస్తూ వచ్చాను. తిప్పి చూస్తే కింద పెన్సిల్‌తో నాలుగు వరుసలున్నాయి. కొలిచింది కొలిచినచోటే ఇనుము మీద సుద్దతో రాయడం వాళ్ళ వర్క్‌షాపు అలవాటు. అదే అలవాటుతో ఆయన ప్రతి ఆదివారం ట్రిమ్ ఎంత వేశాడో రెక్క మీదే రాసుకున్నాడు. ట్రిమ్ అంటే విమానం ఒక పక్కకు లాగుతుంటే సరిచేయడానికి ట్రాన్స్‌మిటర్ మీద ఉండే చిన్న మీట. మొదటి ఆదివారం: సున్నా. రెండోది: కుడికి రెండు గాట్లు. మూడోది: కుడికి అయిదు. నాలుగోది: "మీట అయిపోయింది," అంటే కుడి చివరిదాకా నెట్టినా చాలలేదు.

నా తనిఖీ పట్టిక తెచ్చి ఆ వరుసల పక్కన పెట్టాను. పంపిన రోజు రెక్క సరిగ్గానే ఉంది. నా సున్నా అబద్ధం కాదు. మల్లేశం కోత అబద్ధం కాదు. రెక్క మా గేటు దాటాక, వారం వారం తనంతట తాను మెలి తిరిగింది.

తనంతట తాను కదిలేది దిమ్మ ఒక్కటే. దిమ్మలో ఏం మారిందని స్టోర్స్ పుస్తకం తిరగేశాను. ఫిబ్రవరి పేజీలో నా చేతిరాత కనిపించింది.

అంతకు ముందు షెడ్డు పడమటి గోడ పొడుగునా ముప్పై, నలభై దిమ్మలు ఇటుకల మీద నిలబెట్టి ఉండేవి. మల్లేశం వాటిని అప్పుడప్పుడు తిరగేసేవాడు. నడిచే దారికి అడ్డమని నాకు చిరాకు. థర్మోకోల్ ఫ్యాక్టరీ మా వెనక వీధిలోనే ఉంది, కావలసినప్పుడు తెచ్చుకోవచ్చు, ఇంత సరుకు పోగెయ్యడం దేనికి అనుకున్నాను. ఉన్నవన్నీ ముందు కోయించి, ఆ తర్వాత నుంచి ఏ రోజు దిమ్మలు ఆ రోజే తెప్పించాలని రూలు పెట్టాను. రిక్షాలో వచ్చేసరికి అవి ఇంకా గోరువెచ్చగా ఉండేవి. అప్పుడు మల్లేశం అభ్యంతరం చెప్పాడు.

"పచ్చి దిమ్మలు సారూ. జర పండనీయాలె. నెల దినాలన్న గోడకు నిలవడాలె."

"ఎందుకన్నా?"

"ఎందుకో నాకేం ఎరుక? మా ఉస్తాద్ గట్లనే జేసిండు, నేను గట్లనే జేస్తున్న."

ఆ సంభాషణ కూడా పుస్తకంలో రాసుకున్నాను. రెండు గడులు. "కోత మనిషి అభ్యంతరం: దిమ్మలు నెల ఉంచాలి." పక్క గడిలో: "కారణం: లేదు."

శనివారం రంగారావు గారి బల్ల మీద రిపోర్టు బదులు పుస్తకమే పెట్టాను, ఆ పేజీ తెరిచి. ఆయన రెండుసార్లు చదివారు.

"అంటే ఇది నీ రూలు వల్ల జరిగిందంటావా?"

"అనుకుంటున్నాను సార్. మూడు వారాలిస్తే కొలిచి చూపిస్తాను."

"ఒకటో తారీఖు దాటిపోతుంది."

"దాటనివ్వండి సార్. అప్పటికీ తేలకపోతే తప్పు నా పేరు మీదే రాస్తాను."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మూడు వారాలు. ఒక్క రోజు ఎక్కువ కాదు."

పోల్చి చూడాలంటే పండిన దిమ్మ ఒకటి కావాలి. పాత సరుకంతా నేనే ఖాళీ చేయించాను. షెడ్డు మొత్తంలో మిగిలింది ఒక్కటే, మల్లేశం పీట. అడిగితే లేచి నిలబడి చెక్క పలక తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తీస్కో. నౌకరీ పోతే కూసునే పని గూడ లేదు."

ఆ రోజే ఆ దిమ్మ నుంచి ఒక జత రెక్కలు, వెనక వీధి నుంచి తెచ్చిన వెచ్చని దిమ్మ నుంచి ఒక జత రెక్కలు కోశాం. తీగ ఈ కొసన ఆయన, ఆ కొసన నేను. అంకెలు ఎప్పటిలాగే ఆయనే చెప్పాడు, కానీ ఆ రోజు పాటలా లేవు. పూర్తయ్యాక రెండు జతలకూ గేజ్ పెట్టాను. రెండూ సున్నా. వాటితోపాటు కోయని వెచ్చని దిమ్మ ఒకటి తరాజు పక్కన పెట్టి, రోజూ ఉదయం తూచి రాస్తూ వచ్చాను.

దిమ్మ రోజు రోజుకూ తేలికైంది. థర్మోకోల్ గింజల్ని అచ్చులో ఆవిరి పట్టి ఉబ్బిస్తారు; ఆ తేమ దిమ్మ లోపల మిగిలిపోతుంది. పైపొర త్వరగా ఆరుతుంది, నడిమి భాగం ఆరడానికి వారాలు పడుతుంది, ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. మేము ఎప్పుడూ కుడి రెక్కను దిమ్మ పై సగం నుంచి, ఎడమ రెక్కను కింది సగం నుంచి కోసేవాళ్ళం. అందుకని ఎడమ రెక్కకు పచ్చి వైపు పైన పడేది, కుడి రెక్కకు కింద పడేది. ఆరుతున్న వైపు లాక్కుంటుంటే ఎడమ రెక్క వెనుక అంచు పైకి, కుడి రెక్కది కిందికి తిరిగేవి. అలా తిరిగిన విమానం ఎడమకు తప్ప ఇంకెటూ ఒరగదు.

ఇరవై ఒకటో రోజు రంగారావు గారినీ మల్లేశాన్నీ గాజు బల్ల దగ్గరికి పిలిచాను. పీట దిమ్మ రెక్కలు: తేడా సున్నా. వెచ్చని దిమ్మ రెక్కలు: రెండు డిగ్రీలు. గేజ్ నేను పట్టుకోలేదు, రంగారావు గారి చేతికే ఇచ్చాను.

ఆయన రెండు జతలకూ గేజ్ ఇంకోసారి పెట్టి చూశారు. "మల్లేశం," అన్నారు, "ఆ గోడ మళ్ళీ నీదే. ఎన్ని దిమ్మలు కావాలో చెప్పు."

"నలభై, సార్."

"దారికి అడ్డం కదా?"

మల్లేశం నా వైపు చూశాడు. "ఇంజనీర్ సాబ్ సన్నగనే ఉన్నడు సార్. సందుల నుంచి పోతడు."

జూలై మొదటి ఆదివారం సత్తయ్య కొత్త రెక్కలతో చెంగిచెర్ల బీడులో విమానం ఎగరేశాడు. నేను వెళ్ళాను. ఆగస్టు వరకూ ఆ రెక్క కింద పెన్సిల్ వరుసల్లో సున్నా తప్ప ఇంకో అంకె పడలేదు.

మా పట్టికలో పదిహేనో అంశం చేరింది: దిమ్మ వయసు. దిమ్మ వచ్చిన తేదీ మల్లేశం సుద్దతో రాస్తాడు. నెల దాటాక కూడా చెంప ఆనించి చూడనిదే కోయడు. ఆ చెంపకు ఏం తెలుస్తుందో నేను ఇప్పటికీ కొలవలేకపోయాను.

ఈ కేసు నాకు నేర్పింది దిమ్మల గురించి కాదు. ఫిబ్రవరి పేజీ తెరిచి "కారణం: లేదు" అన్నది కొట్టివేసి, పైన "కారణం: నాకు తెలియదు" అని రాశాను. మొదటిది రాసినప్పుడు విచారణ అక్కడే ముగిసిపోయింది, ఒక మనిషి ఉద్యోగం దాదాపు దానితో పోయింది. రెండోది రాసి ఉంటే ఆ రోజే ఒక దిమ్మను తరాజు మీద పెట్టేవాణ్ణి. ఇప్పుడు కొత్త పుస్తకం తీసుకున్నప్పుడల్లా ఆ గడి పైన నేను అచ్చు వేయించుకునే మాట అదే.