పిన్ని ముక్కుపుడకలోని రాయి

నా చిన్నప్పుడు, అమలాపురం దగ్గరి మా ఊళ్ళో వజ్రాన్ని ముట్టుకుని చూసిన పిల్లను నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. బాబాయికి పెళ్ళయిన కొత్తలో పిన్ని ముక్కున ఒంటిరాయి పుడక ఉండేది. వాళ్ళమ్మగారు తన ముక్కునుంచి తీసి పెట్టినదట. మా నేలంతా గోదావరి తెచ్చిన ఒండ్రు. గులకరాయి దొరకడమే అరుదు. అలాంటి చోట ఆ రాయి నాకు వింత.

భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై కర్బనమే అలా బిగుసుకుంటుందనీ, ఏనాటివో అగ్నిపర్వతాలు దాన్ని పైకి తెచ్చాయనీ చాలా తర్వాత చదువుకున్నాను. అప్పటికి నాకు తెలిసినది బడిలో విన్న ఒక్క వాక్యం: వజ్రాన్ని మించిన గట్టి పదార్థం లేదు.

ఒక ఉదయం పిన్ని పుడకను కుంకుడు రసంలో నానబెట్టి స్నానానికి వెళ్ళింది. నేను దాన్ని సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో కొట్టాను. నిజమైన వజ్రమైతే పొత్రానికే సొట్ట పడాలని నా లెక్క. రాయి రెండు ముక్కలైంది. భయపడవలసిన నేను, పరీక్ష చేసిన గర్వంతో మా మామ్మను పిలిచి, ఇది వజ్రం కాదు, గాజు అని చెప్పాను.

పిన్ని తడిజుట్టుతో వచ్చేసరికి మామ్మ ముక్కలు చూస్తోంది.

"మీ అమ్మగారు ఇన్నాళ్ళూ గాజుముక్క పెట్టుకుని పేరంటాలకి తిరిగేరన్నమాట, అమ్మాయ్."

పిన్ని ముఖం పాలిపోయింది. ఆ మాట అత్తగారి నోటినుంచి ఊళ్ళోకి వెళితే వాళ్ళమ్మ తలెత్తుకోలేదని ఆమెకు తెలుసు. అయినా నన్ను ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఒలిచిన కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది మెత్తగా ఉందా తల్లీ?"

"లేదు పిన్నీ."

కత్తి వెనక్కి తిప్పి కాయ నడుము చుట్టూ తట్టింది. కాయ సమంగా రెండు చెక్కలైంది.

"గట్టిదే. మరెందుకు పగిలిందే? పగిలే దారి దాన్లోనే ఉంది."

తరవాత పుడకరాయి ముక్కల్లో ఒకటి తీసుకుని తన అద్దం మీద ఒత్తి గీసింది. తెల్లటి గీత పడింది.

"గాజు గాజునిలా గీస్తుందేమో చూడండి, అత్తయ్యగారూ."

మామ్మ గీతను గోటితో తడిమి చూసింది. "ఆయ్, జాతిరాయేనమ్మా. మీ అమ్మగారిని ఊరికే అనేసేను."

ఆ వెంటనే, పగిలిన వజ్రం ఇంటికి అచ్చిరాదని ముక్కల్ని గోదావరి పాయలో వేయించింది. పిన్ని అడ్డు చెప్పలేదు. తల్లి పరువు దక్కింది, ఆమెకు అదే చాలు.

గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరనీ, వజ్రానికి చీలిపోయే తలాలుంటాయనీ కాలేజీలో తెలిసింది. బరువు, రంగు, స్వచ్ఛత, కోత చూసి రాయికి విలువ కడతారనీ తెలిసింది. కోహినూరుకు అంత పేరు రావడంలో చేతులు మారిన కథలకూ వాటా ఉంది; అది మగవాళ్ళకు అచ్చిరాదన్న కథకు మాత్రం నాకు ఆధారం దొరకలేదు. మామ్మ మాటకూ దొరకలేదు. ఆ మాటకొస్తే పిన్ని గీసిన గీత కూడా పూర్తి రుజువు కాదు; పలుగురాయీ గాజును గీస్తుంది. తేలిందల్లా అది గాజు కాదని. వజ్రమో కాదో తేల్చుకుందామంటే ముక్కైనా మిగలలేదు, నా మూలంగానే.

ఉద్యోగంలో చేరాక కొత్త పుడక కొనిస్తానన్నాను. పిన్ని నవ్వింది. "ఇప్పుడెందుకే? ముక్కు కుట్టు పూడిపోయింది."

ఈనాటికీ దేన్నైనా నకిలీ అనే ముందు నా పరీక్షనే మళ్ళీ పరీక్షించుకుంటాను. తెలిసినవాళ్ళు దాన్ని శాస్త్రీయ దృష్టి అని మెచ్చుకుంటారు. ఆ క్షణంలో నాకు కనబడేది పిన్ని బోసి ముక్కు.