తాత ముద్ర, చెల్లె సంతకం

మా ముత్తాత బోధన్ దగ్గర ఏడూళ్లకు శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. తాత పోలీస్ పటేలు. ఆయన తీర్పు చెప్పి కాగితం మీద ఇత్తడి ముద్ర గుద్దితే పైన అప్పీలు లేదు. చెరుకు తోటలు పోయినా ఆ ముద్ర నా బీరువాలో మిగిలింది.

అలాంటి ఇంటివాణ్ణి, నేనే అప్పీలుకు తిరగవలసి వచ్చింది.

చెల్లెకు ఇద్దరు పిల్లలు. చాలని ఆపరేషన్ చేయించుకుంది. అయినా కడుపు నిలిచింది. మూడో నెల. ఆమెకు వద్దు. దుబాయిలో ఉన్న బావ ఫోనులో "నీ ఇష్టం" అన్నాడు. టౌనులో కంఠేశ్వర్ దగ్గర ఒక క్లినిక్‌కు పోతే, డాక్టరు మొగుని సంతకం లేనిదే కుదరదన్నాడు.

నాకు తెలిసిన వకీలు గుమాస్తా ఒకడు కిటుకు చెప్పాడు. "పిచ్చున్నదని సూపెట్టు పటేలా. అప్పుడు సంతకం నువ్వే పెట్టొచ్చు."

ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి చెల్లెకు తాలీము మొదలుపెట్టాను.

"పంకాతోని మాట్లాడు."

"పంకాకేం జెప్పాలె అన్నా?"

"ఏదో ఒకటి. నవ్వు."

"నవ్వొస్తలేదు. ఏడుపైతే మస్తొస్తది."

మర్నాడు సర్కారు దవాఖానాకు పోయాం. డాక్టరమ్మ ముందు కూర్చోగానే చెల్లె తలెత్తి, "ఏమమ్మా, తిరుగుతున్నవా?" అని పంకాను పలకరించింది. నేను సంచిలోంచి ముద్ర, సిరాపెట్టె తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదేంది?"

"మా ఇంటి ముద్ర. ఈమెకు గార్డియన్ను నేనే."

"మీరు జర బయట కూసోండి."

ఒక గదిలోంచి నన్ను బయటికి పంపడం అదే మొదటిసారి. బెంచీ మీద ఒక ముసలవ్వ జరిగి చోటిచ్చింది. "నిన్ను గూడ ఎల్లగొట్టిండ్రా బిడ్డా?"

అడ్డం ఒక పరదా మాత్రమే. మాటలన్నీ వినబడ్డాయి.

"ఎవరన్న బలవంతం జేస్తున్నరా?"

"కడుపొద్దన్నది నేనే మేడం. పిచ్చి జెయ్యమన్నది మా అన్న."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "పిచ్చంటే మానసిక డాక్టరు సూడాలె. ఆయన అవునంటే సంతకం గార్డియన్‌ది, నీది చెల్లదు. గట్ల కావాల్నా నీకు?"

"వద్దు."

"ఆపరేషన్ కాయిదం ఉందా?"

"కొంగుల ముడేసుకొచ్చిన."

"ఆపరేషనైనంక నిలిస్తే, గా బాధనే మనసుకు పెద్ద దెబ్బని చట్టంల రాసే ఉన్నది. నీ సంతకం సాలు. మొగునిది అక్కర లేదు, అన్నది అసలే లేదు."

తాత వాకిట్లోకి తగువుతో వచ్చిన ఏ ఆడమనిషినైనా ఇలా పక్కకు పిలిచి అడిగారా అని ఆ బెంచీ మీదే నాకు తట్టింది. అడిగి ఉండరు.

లోపలికి పిలిచేసరికి చెల్లె ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెడుతోంది. రెండు రోజుల్లో పని అయిపోయింది. ఇంటికి వస్తుంటే ఆటోలో ముద్ర ఉన్న సంచి నా ఒళ్లోకి తోసింది.

"గిది ఇంక దేనికన్నా?"

"మన ఇంటి ఇజ్జతుకు."

"ఇజ్జతు బరువుకు సంచి సినిగింది సూడు."

మరుసటి వారం బోధన్‌లో పాత సామాను కొనేవాడికి ఆ ముద్రను ఇత్తడి ధరకు తూకానికి అమ్మాను.