డాక్టరు, పిడుగు, కిర్రుమనే కారు

అత్తగారు కునుకు తీస్తుంటే పిల్ల మంచం మీంచి దొర్లి పడింది. నింద మాత్రం అల్లుడి మీద పడింది. ఏడుపు విని స్నానాల గదిలోంచి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకోవడమే అతను చేసిన నేరం. అప్పుడే పోస్టాఫీసులో డ్యూటీ ముగించుకుని వచ్చిన భార్యకి గుమ్మంలోంచి కనిపించింది నుదుటి మీద బొప్పితో ఉన్న పిల్ల, దాన్ని పట్టుకున్న మొగుడు.

"ఒక్క నిమిషం చూడమని అప్పగించానమ్మా," అంది అత్తగారు, రెప్ప కూడా వాల్చకుండా.

కంట్లో సబ్బు మండుతుంటే అతను వాదన పెట్టుకోలేదు. మంట తగ్గేసరికి తీర్పు అయిపోయింది. ఆనాటి నుంచి, ఏడాదిన్నర వయసున్న ఆ పిడుగుని ఆ ఇంట్లో ఎవరూ అతనితో ఒంటరిగా వదిలింది లేదు.

గ్యారేజీలో అతని దర్జా వేరు. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి, లోపల ఏది మూలుగుతోందో చెప్పేస్తాడని అందరూ 'డాక్టరు' అనేవాళ్ళు. ఇంట్లో పిల్ల ఏడ్చినా అలాగే తల వాల్చి వినేవాడు. "వినడం కాదు బాబూ, ఎత్తుకోవాలి," అనేది అత్తగారు. ఎత్తుకోబోతే, "మీకెందుకు శ్రమ," అని లాక్కునేది.

ఇంతలో భార్యకి దూరపు ఊరికి బదిలీ అయింది. ఆమె ముందు వెళ్ళి ఇల్లు చూసింది. అతనికీ అక్కడో గ్యారేజీలో పని దొరికింది. పిల్ల మాత్రం బడికెళ్ళేదాకా తన దగ్గరే ఉండాలని అత్తగారు పట్టు పట్టింది. చివరికి భార్య ఫోన్లో తేల్చేసింది: "పిల్లని ఆయన ఒక్కరినే తీసుకురానియ్యమ్మా. చేరితే పిల్ల మా దగ్గర. సగం దారిలో చేతులెత్తేసి వెనక్కొస్తే నీ దగ్గర."

తెల్లవారగానే పిల్లని తన కారు వెనక సీట్లో బుల్లి కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. గేటు దగ్గర అత్తగారు చెయ్యి ఊపుతూ, "మధ్యాహ్నానికి మీక్కూడా కలిపి వండుతున్నాను బాబూ," అంది. ఆప్యాయతలో చుట్టి విసిరిన రాయి తగిలే తీరే వేరు.

కొంతదూరం పిడుగు నిద్రపోయింది. లేచాక ఎడమ చెప్పు కిటికీకేసి కొట్టింది. బిస్కెట్టు సగం తిని, సగం తలకి రాసుకుంది. అతనికి జోలపాటలు రావు. వచ్చినవే పాడాడు: "ప్లగ్గమ్మా, బెల్టమ్మా, బేరింగమ్మా..." పిల్ల చప్పట్లు కొట్టింది. అతనికి కాస్త ధైర్యం వచ్చింది.

అప్పుడు వినబడింది, వెనక నుంచి. కిర్ర్... కిర్ర్...

కారు ఆపి, దిగి, అలవాటుకొద్దీ ముందు బానెట్ ఎత్తాడు. అంతా బాగానే ఉంది. అతను దిగాడని పిల్ల ఏడుపు లంకించుకుంది. మళ్ళీ బయల్దేరాడు. ఏడుపు ఆగింది, కిర్రు మొదలైంది. మళ్ళీ దిగి, వెల్లకిలా పడుకుని కారు కిందకి దూరాడు. కింద అంతా నిశ్శబ్దం, పైన ఆకాశాన్నంటే ఆక్రందన. మూడోసారి చక్రాన్ని కాలితో తన్ని చూసి, రోగం పేరు తేల్చేశాడు: వెనక చక్రం బేరింగు. అది పట్టేస్తే చక్రం బిగుసుకుపోతుంది. తానొక్కడే అయితే పాడుకుంటూ పోయేవాడు. వెనక పిల్ల ఉందే!

పరువు మింగేసి, ఇల్లే దగ్గర కాబట్టి కారు వెనక్కి తిప్పాడు. అత్తగారి మొహంలో విరిసే జాలి కళ్ళ ముందు కదిలింది.

కొద్దిదూరంలో రైల్వే గేటు పడింది. ఇంజను ఆపాడు. దిగే ఓపిక లేక స్టీరింగు మీద తల వాల్చాడు.

కిర్ర్... కిర్ర్...

తల ఎత్తాడు. ఇంజను ఆగి ఉంది. చక్రం కదలడం లేదు. మెల్లగా అద్దంలోకి చూశాడు. పిడుగు కొత్త పళ్ళు, పైవి కిందవాటికేసి తన్మయంగా నూరుతోంది. మెత్తగా కాదు, కంకర ఆడించినట్టు. తండ్రి చూపు తగలగానే ఆపి నవ్వింది.

"నువ్వటే, బేరింగూ!"

ఇన్నాళ్ళ డాక్టరీ చక్రాల దగ్గరే ఆగిపోయింది, పళ్ళదాకా రాలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా పిల్లా నవ్వింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఎక్కడిదాకా వచ్చారు బాబూ? కూర పొయ్యి మీద పెట్టమంటారా?"

"మీ ఒక్కరికే పెట్టుకోండి అత్తయ్యా."

అడ్డంగా తిరుగుతున్న కారుని చూసి లారీ డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏం గురూ, అటా ఇటా?"

"ముందుకే అన్నా, ముందుకే!"

సాయంత్రం కొత్తింటి ముందు భార్య కారు వెనక తలుపు తీసింది. ఒంటి చెప్పు, జుట్టు నిండా బిస్కెట్టు పొడి.

"ఏడ్చిందా?"

"వంతులేసుకుని ఏడ్చాం."

అతను ఎత్తుకుని దించబోతే, పిల్ల తల్లిని చూసి నవ్వింది గానీ తండ్రి మెడ వదల్లేదు. భార్య ఆ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "సరే, ఇద్దరూ ఉండండి," అంది.

అత్తగారిని అతను మళ్ళీ కలిసింది మొన్ననే. చూడ్డానికి వచ్చి, తిరుగు ప్రయాణానికి అద్దె కారు గుమ్మం ముందు ఆగాక, గొంతు తగ్గించి అడిగింది: "ఒక్క వారం పిల్లని తీసుకెళ్ళనా బాబూ? నేనొక్కదాన్నే... మీకు అభ్యంతరం లేకపోతేనే."

అతను భార్య వైపు చూడలేదు. బుల్లి కుర్చీ తెచ్చి, అద్దె కారులో బిగించి, పిల్లని కూర్చోబెట్టి, బెల్టు లాగి చూశాడు.

"ఏడిస్తే కారు ఆపించండి అత్తయ్యా. ఆపితే ఇంకా ఏడుస్తుంది. అప్పుడు పోనిమ్మనండి."