మర ఆగిన వారం

పిండిమర ఆయన్ను వీధిలో అందరూ సైగలాయన అనేవారు. అలాగని ఆయన మూగవాడేమీ కాదు. పొద్దున్నే షట్టరు ఎత్తి మోటారు వేశాడంటే ఆ బెల్టు చప్పుడులో, రాళ్ల రొదలో పక్కన పిడుగు పడ్డా వినపడదు. అందుకని చేతులతోనే మాట్లాడేవాడు. వేళ్లు రుద్ది చూపిస్తే పిండి మెత్తగా కావాలా అని, పిడికిలి బిగిస్తే బరకగానా అని, అరచెయ్యి ఎత్తితే కాసేపు ఆగమని. సాయంత్రం కనుబొమల మీది పిండి దులుపుకొని మర వెనక గదుల్లోకి వచ్చాక కూడా ఆ అలవాటు పోయేది కాదు. నీళ్లు కావాలన్నా సైగే, పిల్లలు అల్లరి చేస్తే ఆపమన్నా సైగే.

ఆయన భార్య చూస్తే వసపిట్ట. "గోడతో మాట్లాడినా నయం, తిరిగి మోగనైనా మోగుతుంది" అని కొత్తలో నవ్వేది. పోనుపోను ఆ నవ్వు తగ్గింది. కూతురూ కొడుకూ బడి నుంచి వచ్చి ఏం చెప్పుకున్నా తనతోనే. నాన్నతో పని పడితే అదీ తనచేతే చెప్పించేవారు. వాళ్లకీ ఆయనకీ మధ్య కబుర్లు మోసీ మోసీ ఆమెకు విసుగొచ్చింది. విసుగు కింద దిగులూ ఉంది, అది ఎవరికీ చెప్పలేదు.

ఒక వేసవిలో మోటారు కాలింది. మెకానిక్కు మూత విప్పి, ముక్కు మూసుకొని, "తీగంతా మళ్లీ చుట్టాలి. వారం పడుతుంది" అన్నాడు. అప్పటినుంచి సైగలాయన కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరగడం మొదలుపెట్టాడు. భార్య మంచం కింది నుంచి పెట్టె లాగింది. ఆమె అన్నయ్య ఒక సరస్సు ఒడ్డున అద్దెగదులు నడుపుతాడు. రమ్మని పిలిచీ పిలిచీ అలిసిపోయాడు.

"మోటారుకి ఎటూ సెలవు దొరికింది. మనం మాత్రం ఏం పాపం చేశాం?" అంది.

"అది ముందే బాగైపోతే?"

"అయితే అక్కడే కూర్చుంటుంది. దానికేమన్నా కాళ్లున్నాయా పారిపోడానికి?"

ఆయన తన చొక్కాలు తెచ్చి పెట్టెలో పడేశాడు.

సరస్సు దగ్గర మొదటిరోజే పరువు పోయింది. భోజనాల గదిలో ఆయన "ఉప్పందుకో!" అని మర రొదను దాటించాలన్నట్టు కేకేశాడు. అందరి తలలూ ఇటు తిరిగాయి. పక్కబల్ల దగ్గర పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కొడుకు బల్ల కిందికి దూరాడు. కూతురు తండ్రి చేతిమీద చెయ్యి వేసి, "నాన్నా, ఇక్కడ మర లేదు. మెల్లిగా చెప్పినా వినపడుతుంది" అంది. ఆయన మొహం చిన్నబోయింది. పడుకునేదాకా మళ్లీ సైగలే చేశాడు. అనవసరంగా తీసుకొచ్చానా అని భార్య మనసు పీకింది.

మర్నాడు పడవ ఎక్కారు. తెడ్డు వెయ్యడం ఆయనకు రాదు. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. "నాన్నా, ఇక్కడ కూడా పిండి పడుతున్నావా?" అన్నాడు కొడుకు. అందరికీ నవ్వాగలేదు, ఆయనకీ ఆగలేదు. చివరికి తెడ్లు లోపల పెట్టేసి ఊరుకున్నారు. చుట్టూ నీళ్లు, ఎక్కడా చప్పుడు లేదు. కూతురు నీళ్లలో వేళ్లు ఆడిస్తూ సన్నగా కూనిరాగం తీసింది.

"ఎవరు పాడేది?" అన్నాడాయన, మెల్లగా.

"నేనే నాన్నా. రోజూ పాడతాగా."

"రోజూనా? ఎక్కడ?"

"ఇంట్లోనే. మర గోడకి ఇవతల."

ఆయన కూతురి వైపు వంగాడు. "ఇంకోసారి పాడమ్మా" అన్నాడు.

పాట అయ్యాక ఆయనే మొదలుపెట్టాడు. చిన్నప్పుడు తవుడు బస్తాలో దూరి నిద్రపోతే, వాళ్ల నాన్న చూసుకోకుండా బస్తా మూతి కుట్టేసి బండి మీదికెత్తించిన సంగతి. కొడుకు కళ్లు విప్పార్చుకొని "తర్వాత?" అంటాడు, ఆయన కావాలనే ఊరిస్తాడు. బస్తా తుమ్మిందట, బండివాడు బండి వదిలేసి పరుగో పరుగట! భార్య ఆ రోజు నోరు తెరిస్తే ఒట్టు. సంతోషంతోపాటు ఒళ్లు మండింది కూడా. ఇన్ని మాటలు కడుపులో పెట్టుకొని ఇన్నేళ్లూ తనకు వేళ్లు చూపించాడా ఈ మనిషి!

తిరిగొచ్చాక మోటారు వచ్చింది, రొదా వచ్చింది. ఒక్క వారంతో మనిషి మారిపోతాడా? కానీ పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి మర ఆపి, లోపలికొచ్చి టీ తాగడం మొదలుపెట్టాడు. బయట బస్తాలతో నిలబడ్డవాళ్లు గొణిగేవారు. ఏటా వేసవిలో వారం మూసెయ్యడమూ మొదలైంది.

"ఇట్లా మూస్తే గిరాకీ పక్కమరకి పోతుంది" అని మెకానిక్కు హెచ్చరించాడు.

"పోయేవాళ్లు పోనీ. మా పిల్లలు మళ్లీ చిన్నవాళ్లవుతారా?"

కొందరు నిజంగానే పోయారు. ప్రయాణాలన్నీ బాగా జరిగాయనీ కాదు. ఒక ఏడు వానకు గదిలోంచి కాలు బయట పెట్టలేదు. ఇంకో ఏడు మొగుడూ పెళ్లాం దార్లోనే పోట్లాడుకొని బస్సులో చెరో మూల కూర్చున్నారు.

మీసాలొచ్చిన ఏడు కొడుకు అడ్డం తిరిగాడు. "నేను రాను. నా స్నేహితులెవరూ అమ్మానాన్నల వెంట తిరగరు."

"సరే. వంటింట్లో గుడ్లున్నాయి" అన్నాడు తండ్రి, అంతే. తల్లి దారి పొడుగునా కళ్లు ఒత్తుకుంది. రెండోరోజు సాయంత్రం సరస్సు దగ్గర బస్సు ఆగితే, సంచీ భుజానేసుకొని వాడు దిగాడు.

"గుడ్లు అయిపోయాయా?"

"మాడిపోయాయి."

తండ్రి బెంచీ మీద పక్కకు జరిగాడు. తర్వాత ఇద్దరూ ఒడ్డు వెంట నడుస్తూ చాలా దూరం పోయారు. తిరిగొచ్చాక ఆయన భార్యను పక్కకు పిలిచి, "వాడు లెక్కల్లో తప్పాడు. నీకు చెప్పడానికి భయపడుతున్నాడు. అరవకు, మళ్లీ రాస్తాడు" అన్నాడు. ఆమెకు అరవాలనిపించనే లేదు. కొడుకు మనసులో మాట మొగుడి నోట వినడం ఆమెకు అదే మొదటిసారి. పరీక్ష సంగతి మర్చిపోయి ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

ఇప్పుడు ఆ కొడుకు మోటార్లకు తీగలు చుట్టే దుకాణం నడుపుతున్నాడు. కూతురికి పెళ్లయి ఒక పిల్ల. మర రొద తండ్రి చెవుల్ని సగం తినేసింది, కుడిచెవికి మిషను పెట్టుకుంటాడు. మనవరాలు తొడమీదికెక్కి నేరుగా ఆ చెవిలోనే పాడుతుంది. ఆయన కళ్లు మూసుకొని తలూపుతాడు.

ఈ వేసవికి ఎక్కడికన్న తగువు మాత్రం తెగలేదు. కూతురు కొండలంటుంది, కొడుకు సముద్రమంటాడు, అల్లుడు ఎటు మొగ్గితే ఎవరికి కోపమోనని పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. వసపిట్ట ముగ్గుర్నీ కలిపి కేకలేస్తోంది. వాళ్లు తేల్చుకునేలోగా పెద్దాయన బయటికెళ్లి షట్టరు మీద సుద్దముక్కతో 'వారం సెలవు' అని రాసేశాడు. ఏ రోజు నుంచో మాత్రం రాయడం మర్చిపోయాడు.