లలితమ్మ అంగడి మూసిన మధ్యాహ్నం

"మనిషివేనా నువ్వు? మా నాయన ఫోను ఎత్తడంల్యా, ఎవురన్నా పోయి చూడండప్పా అని నేను రాస్తే, దాని కింద చెనిక్కాయల పొడి కొనండి అని రాస్తావా?"

"నేను రాయలేదు నాయనా."

"నీ పేరే ఉండాది ఆడ. అమ్ముకో పో. సావు ఇండ్లల్లో కూడా అమ్ముకో."

లలితమ్మ ఫోనులోని గొంతు అంగడి బయటికి వినిపిస్తోంది. నేను మెట్టు మీదే ఆగిపోయాను. అది రాసింది నేనే.

2009 సెప్టెంబరు అది. కళ్యాణదుర్గం బస్టాండు వెనక లలితమ్మకు చెనిక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, ఇంకా రకరకాల పొడులు అమ్మే అంగడి ఉండేది. బెంగళూరుకు పనికి పోయిన మా పక్క పిల్లలకు బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పొడి పంపేది. ఆ పిల్లలంతా ఇంటర్నెట్‌లో ఆర్కుట్ అనే చోట ఒక గుంపుగా ఉండేవాళ్ళు. డిగ్రీ మధ్యలో వదిలేసి నెట్ సెంటర్లో కూర్చున్న నాకు, అక్కడ ఆమె పేరుతో రాసే పని దొరికింది. ఆమె రోజూ పదకొండింటికి వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని "చదువప్పా" అనేది. ఒక్కటి వదలకూడదు. ఎవడి చెల్లెలికి సంబంధం కుదిరింది, ఎవడికి హాస్టల్ తిండి పడటం లేదు, అన్నీ వినేది, అన్నిటికీ జవాబు చెప్పేది. పొడి మాట వాళ్ళు అడిగితేనే. కడుపులో మంట అని రాసినవాడికి కారం తగ్గించి వేరేగా దంచి పంపింది. నాకు ఒళ్ళు మండేది.

"ఇట్ల ముచ్చట్లు పెట్టుకుంటే యాపారం అయినట్లే" అని మొహం మీదే అన్నాను.

"అయితాంది కదప్పా, నీకేం నొప్పి?" అంది.

ఆ వారం ఆమె జ్వరంతో నెట్ సెంటరుకు రాలేదు. నేను ఒకే ప్రకటన రాసుకుని, గుంపులో కనిపించిన ప్రతి మాట కిందా అంటించేశాను. పైన ఏం రాసుందో చదవలేదు.

ఫోను పెట్టేసి ఆమె నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను.

"పో కేశవా. ఆ పిల్లోడు ఏం రాసినాడో అక్షరం పోకుండా రాసుకోనిరా."

నెట్ సెంటరుకు పరిగెత్తాను. రాసుకొచ్చి ఆమెకు చదివాను. పిల్లాడి పేరు గిరి, బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పని. నాలుగో బోరు కూడా ఎండిపోయింది. నాయన గంగప్ప రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు, చేన్లోంచి ఇంటికి రావడం లేదు. అమ్మేమో అక్క కాన్పుకు గుంతకల్లు పోయింది. ఎవరైనా మా ఊరి దారిన పోతే కాస్త చూసి రండి అని, కింద ఊరి పేరు.

"ఎప్పుడు రాసినాడు?"

"నిన్న సాయంత్రం."

ఆమె షట్టరు దించింది. జ్వరం పూర్తిగా తగ్గలేదు, నుదుటి మీద పట్టీ ఇంకా తడిగానే ఉంది. ఆటోవాడు ఇంకో ఇద్దరు ఎక్కితేనే కదుల్తానన్నాడు. "ఆ ఇద్దరూ నేనే అనుకో, పోనియ్యి" అంది.  రెండు వైపులా చెనిగ చేలు తలలు వాల్చి ఉన్నాయి.

ఊళ్ళో దారి అడిగి చేను చేరేసరికి గంగప్ప బోరు పైపు పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చుట్టిపెట్టిన తువ్వాలు. అందులోంచి పురుగుమందు సీసా మూత కనిపిస్తోంది. నా నోరు ఊరుకోలేదు.

"ఏమన్నా ఇది? ఆడ కొడుకు ఏడుస్తాండాడు, నువ్వు ఈడ..."

లలితమ్మ నా మణికట్టు గట్టిగా నొక్కింది. వెళ్ళి ఆయనకు రెండు మూరల దూరంలో నేల మీద కూర్చుంది. సీసా వంక చూడలేదు.

"మొదటి బోరుకు టెంకాయ యాడ నిలబడిందన్నా?"

మా పక్క బోరు వేసే ముందు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తారు. అది లేచి నిలబడిన చోట నీళ్ళున్నట్టు.

 ఆమె మళ్ళీ అడగలేదు. ఎండ నెత్తిన ఉంది. నాకు ఆ సీసా లాగేసుకుని పారిపోవాలనిపించింది.

"ఆ యాపమాను కాడ" అన్నాడు చివరికి.

ఒక్కో బోరూ చెప్పుకుంటూ వచ్చాడు. ఎన్ని అడుగులు దిగింది, ఎన్నాళ్ళు పారింది, ఎప్పుడు బురద కక్కింది. ఆమె "ఊఁ" అంటూ, మధ్యలో "అప్పుడు మోటారు ఎంతది?" అని అడుగుతూ ఉంది. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న పైపు మీద చెయ్యి వేశాడు.

"దానికి టెంకాయ నేనే పట్టినా. ఇంటామె కమ్మలు అమ్మి దుడ్లు చేతిలో పెట్టి చూస్తాండాది. చేనంతా తిరిగినా, అది లేస్తే కదా. నేనే లేపినానమ్మా, ఏలితో. నీళ్ళు లేవని నాకు తెలుసు."

"ఎవురికన్నా చెప్పినావా?"

"ఎట్ల చెప్పేది?"

ఆమె ఓదార్చలేదు. తప్పు లేదనీ అనలేదు. చేయి చాచింది.

"అది ఇట్లియ్యన్నా."

ఆయన చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత సీసాను తువ్వాలుతో సహా ఇచ్చాడు. ఆమె దాన్ని సంచిలో అడుగున పెట్టుకుని, గిరికి ఫోను కలిపి ఆయన చేతికిచ్చింది.

పొద్దు వాలుతుండగా నన్ను పక్కకు పిలిచింది. ఆటోవాడు దూరంగా హారన్ కొడుతున్నాడు.

"వాళ్ళామెకు కబురు పంపినా. రేపు పొద్దున బస్సుకు వస్తాది. అంతవరకు నువ్వు ఆయన్తోనే ఉండప్పా, ఇంట్లో ఆయన పక్కనే పడుకో. బోర్ల కత మళ్ళా మొదట్నుంచి చెప్తాడు. ఇంతకు ముందే విన్యానని మాత్రం అనొద్దు."