నాయనమ్మ ఆయాసం

మొన్న ఆఫీసులో పాత కంప్యూటర్ మూత విప్పితే, వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది.

చిన్నప్పుడు విజయనగరంలో మా ఇంటి కంప్యూటర్ తరచూ హ్యాంగైపోయేది. ఒకరోజు నాన్న సైకిల్ పంపుతో లోపలి దుమ్మంతా ఊదేశాడు. ఆ తర్వాత అది ఆగకుండా పనిచేసింది.

జూట్‌మిల్లులో పనిచేసిన నాయనమ్మకి అక్కడి దుమ్ము వల్లే ఆయాసం వస్తోందని డాక్టరు చెప్పగా విన్నాను. పంపు పట్టుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్లాను.

"ఏటే, పంపు తెచ్చినావు?"

"నోరు తెరు నాయనమ్మా. దుమ్ము పోతాది."

నవ్వకుండా తెరిచింది. నేను ఊదాను. దగ్గు తగ్గాక, "కూసింత తేలికైనాదే" అంది.

ఆ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిచింది. దారిలో ప్రతి అరుగు దగ్గరా ఆగి, ఎవరో ఒకరితో మాట్లాడింది. ఆగింది కబుర్ల కోసం కాదని చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు.